చికాగో నగరపు ఆకాశహర్మ్యములు

చికాగో అను పేరు మనకు క్రొత్తది కాదు. 1893 వ సంవత్సరము సెప్టెంబరు 11 వ తేదీన స్వామి వివేకానందులు సర్వమత మహాసభలో ప్రసంగించినది ఆ పట్టణముననే. పెద్దలు ఆ ముచ్చట చెప్పగా మనమందరమును విన్నవారమే. ఆకసమునంటు మేడలు కట్టు విద్యకు పుట్టినిల్లని చెప్పదగినదియు ఆ పట్టణమేయని మాత్రము మనలో కొందరికే తెలియును. ఈ మాసమున ఆ మేడలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మేడల యెత్తును అడుగులలో కొలిచి చెప్పి విస్మయము గొల్పుట మాత్రమే మా యుద్దేశము కాదు. ఆ యెత్తు ఎట్లు సాధ్యమయ్యెనో, అందులో ఎవరి పాలు ఎంతయో తెలిసికొనుట ముఖ్యము. ఈ కథ ఒక పేద యిల్లాలిపై పడిన నిందతో ఆరంభమై, ఒక స్త్రీ వ్రాసిన పటము ననుసరించి లేచిన మహాసౌధమువరకు వచ్చినది. నడుమ తగిన పేరు రాని స్త్రీలును కలరు. అందుచేత ఇది మన పత్రికకు తగిన విషయమేయని తలచుచున్నాము.

అగ్నిప్రళయము

చికాగో నగరము మిషిగాను అను మహాసరస్సు ఒడ్డున నున్నది. 1871 నాటికి అందు సుమారు మూడులక్షల జనము కాపురముండిరి. ఇండ్లలో చాలభాగము కొయ్యతో కట్టినవి. వీధుల ప్రక్కనుండు కాలిబాటలు సైతము కొయ్యపలకలే. ఆ యేడు వానలు లేక సర్వమును ఎండి పెళపెళలాడుచుండెను. అక్టోబరు 8 వ తేదీ రాత్రి డికోవెన్ అను వీధిలో, ఓలియరీ అనువారి పశువుల కొట్టము దగ్గర నిప్పు పుట్టెను. గాలి దానికి తోడయ్యెను. మంటలు రెండు దినములు నగరమును దహించినవి. అవి చల్లారునప్పటికి 17 వేలకు పైగా కట్టడములు బూడిదయ్యెను. సుమారు 300 మంది మరణించిరి. లక్షమంది నిలువ నీడ లేనివారైరి.

ఇంత యుపద్రవము జరిగినప్పుడు జనులకు ఎవరినైనను నిందింపకున్న తోచదు గదా! ఆ నింద కాథరీన్ ఓలియరీ అను గృహిణిపై పడెను. ఆమె ఐర్లండు దేశమునుండి పొట్టకూటికై వలసవచ్చిన పేదరాలు. ఆవులను పెట్టుకొని పాలమ్మి సంసారము నీదుకొని వచ్చుచుండెను. రాత్రివేళ ఆమె పాలు పిదుకుచుండగా ఆవు కాలితో లాంతరును తన్నెననియు, దానివలననే ఊరంతయు తగులబడెననియు పత్రికలు వ్రాసినవి. విచారణలో ఆమె, తాము అప్పటికే పడకలు చేరితిమని ప్రమాణపూర్వకముగా చెప్పెను. విచారణ జరిపిన అధికారులు నిప్పు పుట్టిన కారణము తేల్చజాలకపోయిరి. అయినను లోకము ఆమెను వదలలేదు. పాటలు కట్టిరి, బొమ్మలు వేసిరి. ఆమె నలుగురిలోనికి వచ్చుటయే మానుకొని 1895 లో కన్నుమూసెను. తుదకు 1997 లో చికాగో నగరసభవారు ఆమె నిర్దోషియని తీర్మానించిరి. నూటయిరువదియారు సంవత్సరముల పిమ్మట! ఆ నిప్పు పుట్టినచోట ఇప్పుడు అగ్నిమాపక దళమువారికి శిక్షణమిచ్చు పాఠశాల యున్నది.

పంజరము వంటి యిల్లు

కాలిన నగరమును తిరిగి కట్టవలసివచ్చెను. వర్తకము పెరిగి, నగరమధ్యమున గజము నేల ధర మితిమీరెను. నేల పెరుగదు, అందుచేత ఇల్లే పైకి పెరుగవలసివచ్చినది. కాని దానికి మూడు అడ్డంకులుండెను.

మొదటిది గోడల బరువు. మన పాతకాలపు మిద్దెలలో పైకప్పు బరువునంతయు గోడలే మోయునని మీరెరుగుదురు. అంతస్తులు పెరిగినకొలది అడుగుగోడ మందము హెచ్చుచుండవలెను. చికాగోలో 1891 లో పూర్తియైన మొనాడ్నాక్ అను ఇటుకమేడకు 16 అంతస్తులు. దాని అడుగుగోడలు ఆరడుగుల మందము! అట్టి గోడలలో కిటికీ పెట్టిన అది గుహవలె నుండును గాని వెలుతురునకు పనికిరాదు. నేలమీది గదులు గోడలకే సరిపోవును. ఆ మేడ నేటికిని నిలిచియున్నది. గోడలపై బరువు మోపి కట్టు పాతపద్ధతికి అదియొక తుదిమెట్టు.

ఈ చిక్కును విడదీసినవాడు విలియం లె బారన్ జెన్నీ అను ఇంజనీరు. అతడు 1885 లో హోం ఇన్స్యూరెన్సు కంపెనీవారికి పదియంతస్తుల మేడను కట్టెను. అందు ఇనుము, ఉక్కు స్తంభములను నిలిపి, వానిని దూలములతో కూర్చి, బరువులో చాలభాగమును ఆ చట్రమునకు అప్పగించెను. గోడలు బరువు మోయు పని తగ్గి, ఎండవానలను ఆపు తెరలవలె నయ్యెను. దాని యెత్తు 138 అడుగులు. నేటి లెక్కకు అది స్వల్పమే. 1891 లో దానిపై మరి రెండంతస్తులు వేసిరి; 1931 లో పడగొట్టిరి. కాని ఆకాశహర్మ్యములకెల్ల అదియే తొలిచూలని అనేకులు చెప్పుదురు.

ఈ యుపాయము జెన్నీకి ఎట్లు తోచెనో చెప్పు కథ యొకటి వాడుకలో నున్నది. ఒకనాడతడు ఇంటికి వచ్చునప్పటికి భార్య చదువుకొనుచుండెనట. ఆమె లేచి తన చేతనున్న బరువైన పుస్తకమును పక్షిపంజరముపై పెట్టెనట. సన్నని తీగల పంజరము ఏమాత్రమును వంగక ఆ బరువును మోయుట చూచి అతనికి ఇంటిచట్రము స్ఫురించెనట. చరిత్రకారులు దీనిని సాక్ష్యముగా గైకొనరు. అయినను ఒక సంగతి గమనింపదగినది. కథ చెప్పువారు పంజరమును చెప్పుదురు, పుస్తకమును చెప్పుదురు. ఆ యిల్లాలి పేరు మాత్రము తరచుగా చెప్పరు.

రెండవ అడ్డంకి నిప్పు. ఇనుము కాలదు గాని, అధికమైన వేడికి మెత్తబడి వంగిపోవును. అందుచేత స్తంభములకు కాల్చిన మట్టిపలకలను తొడుగుగా వేయ నేర్చిరి. మన కుమ్మరివాని ఆవములో కాలిన మట్టికి మరల నిప్పుభయము లేదు గదా! ఆ సామాన్యమైన మట్టియే ఉక్కునకు కవచమయ్యెను.

మూడవది మెట్లు. పదియంతస్తులు మెట్లెక్కి పోగలవారెందరు? లిఫ్టు త్రాడు తెగినచో గతియేమను భయముచేత తొలుత జనులు దానినెక్కుటకు జంకుచుండిరి. 1854 లో న్యూయార్కు ప్రదర్శనమందు ఎలీషా ఓటిస్ అను నతడు తానే లిఫ్టుపలకపై నిలిచి, అందరును చూచుచుండగా త్రాటిని నరికించెను. అతడమర్చిన కొక్కెములు పట్టుకొని పలక క్రిందపడక నిలిచెను. భయము తీరెను. అంతకుముందు పైయంతస్తులు తక్కువ అద్దెకు పోవుచుండెడివి. లిఫ్టు వచ్చిన తరువాత పైకి పోయినకొలది అద్దె హెచ్చినది.

చీపురుకట్ట నేర్పిన బలము

ఇంటిని మరియు పైకి పెంచిన కొలది బరువుకన్న గాలియే పెద్ద శత్రువగును. తాటిచెట్టు తల గాలికి ఊగునట్లు మేడ తలయు ఊగును. లోపలివారికి కడుపులో త్రిప్పునట్లుండరాదు, అద్దములు పగులరాదు. దీనికి ఉపాయము చెప్పినవారిలో అగ్రగణ్యుడు మన పొరుగువాడే. ఫజలూర్ రహమాన్ ఖాన్ అను ఆ ఇంజనీరు 1929 లో, అప్పటి వంగరాష్ట్రమునందలి ఢాకాలో జన్మించెను. కలకత్తా చేరువనున్న శిబ్‌పూరు ఇంజనీరింగు కళాశాలలోను చదివి, 1952 లో పైచదువునకై అమెరికా వెళ్లి, చికాగోలో స్థిరపడెను.

అతడును, బ్రూస్ గ్రహాం అను వాస్తుశిల్పియు కలిసి జాన్ హాంకాక్ సౌధమును నిర్మించిరి. దానికి 100 అంతస్తులు, 1,128 అడుగుల యెత్తు. బయటివైపున నిలువెల్ల పెద్ద పెద్ద ఉక్కు దూలములు వాలుగా, గుణకారపు గుర్తువలె ఒకదానినొకటి దాటుచు కానవచ్చును. లోపల దాచవలసిన బలమును బయట పెట్టినందున లోపల స్తంభములు తగ్గినవి. అందు అంగళ్లు, కార్యాలయములు, వానిపైన వందలకొలది కాపురములు కలవు. 44 వ అంతస్తున ఈదులాడుటకు నీటికొలను సైతమున్నది. 2018 నుండి దానిని వీధిపేరుతో 875 ఉత్తర మిషిగాను అని పిలుచుచున్నారు.

వారిరువురి మరియొక గొప్పకట్టడము సియర్స్ టవరు. 1970 లో పని ఆరంభించిరి. 1973 లో అది తన పూర్తి యెత్తును చేరినది. 110 అంతస్తులు, 1,451 అడుగులు. ఖాన్ చేసిన యుక్తి మన గృహిణులకు సులభముగా బోధపడును. చీపురుపుల్ల నొక్కదానిని చిన్నపిల్ల విరుచును; కట్టగా కట్టిన దానిని పహిల్వాను విరువజాలడు. అట్లే తొమ్మిది నలుచదరపు గొట్టములను మూడు మూడు చొప్పున చేర్చి ఒక్క కట్టగా కట్టిరి. ఒక్కొక్కటి 75 అడుగుల వెడల్పు. అన్నియు పైదాక పోవు. 50 వ అంతస్తున రెండు, 66 వ అంతస్తున రెండు, 90 వ అంతస్తున మూడు ఆగిపోవును. మిగిలిన రెండే శిఖరమును చేరును. అందుచేత గాలి అన్ని యెత్తులలోను ఒక్కతీరుగా పట్టుకొనజాలదు. ఈ మేడ 1998 వరకు లోకములోను, 2014 వరకు అమెరికాలోను అన్నిటికన్న ఎత్తైనదిగా నుండెను. 2009 నుండి దీనికి విల్లిస్ టవరని పేరు. దీని కిటికీలు సుమారు 16 వేలు! వానిని యంత్రములే కడుగును గనుక అచటి గృహిణులకు ఆ శ్రమ లేదు. ఖాన్ 1982 లో మరణించగా ఆయనను చికాగోలోనే ఖననము చేసిరి.

నేడు ఆ నగరమున మిక్కిలి ఎత్తైన సౌధములైదు. మొదటిది విల్లిస్ టవరు. రెండవది 2009 లో పూర్తియైన ట్రంప్ టవరు. దానికి 98 అంతస్తులు, 1,389 అడుగులు. మూడవది సెయింట్ రీజిస్. దాని సంగతి ముందు చెప్పెదము. నాలుగవది 1,136 అడుగుల ఏయాన్ సెంటరు. అయిదవది పైని చెప్పిన హాంకాక్ సౌధము.

ఈ నాలుగవదాని కథయందు ఒక నీతి యున్నది. 1973 లో దానిని కట్టినప్పుడు ఇటలీదేశపు తెల్లని చలువరాతిని పలుచని పలకలుగా కోయించి నిలువెల్ల తొడిగిరి. చూపునకు అది శంఖమువలె మెరిసెను. కాని చికాగో చలికిని, ఎండకును ఆ పలుచని పలకలు వంకరలు తిరిగినవి. ఊడి క్రిందనున్నవారి తలలపై పడునను భయము పుట్టెను. తుదకు 1990 మొదలు 1992 వరకు సుమారు 43 వేల పలకలను ఊడదీసి, నల్లరాతిజాతికి చెందిన గట్టి తెల్లరాతిని వేయవలసివచ్చెను. అందులకైన వ్యయము ఎనిమిదికోట్ల డాలర్లని చెప్పుదురు. సొగసునకై చేసిన పని ఊరి వాతావరణమునకు తగకున్న రెండుమార్లు ఖర్చగును. ఇది మేడలకే కాదు, మన యింటి గచ్చునకును వర్తించును.

పటము వ్రాసిన స్త్రీలు

వివేకానందులు ప్రసంగించిన ఆ 1893 లోనే చికాగోలో మహాప్రదర్శనము జరిగెను. సర్వమత మహాసభయు దానితో చేరినదే. ఆ ప్రదర్శనమందు స్త్రీలు చేసిన పనులను చూపుటకు ఒక ప్రత్యేకభవనము నిర్మించిరి. దానికి పటము వ్రాసినది సోఫియా హేడన్ అను యువతి. ఆమె మాసచ్యూసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1890 లో వాస్తువిద్యలో పట్టము పొందెను. అచ్చట ఆ విద్యలో పట్టము పొందిన తొలి స్త్రీ ఆమెయే. పోటీలో గెలిచిన ఆమెకు ముట్టినది వేయి డాలర్లు. తక్కిన భవనములు కట్టిన పురుషశిల్పులకు అంతకు ఎన్నియో రెట్లు ముట్టినవి. పటము మార్చుమని ఒకరు, అలంకారములు చేర్చుమని ఒకరు ఆమెను వేధించిరి. అలసి ఆమెకు జబ్బుచేయగా, స్త్రీలు ఈ పనికి తగరనుటకు ఇదియే తార్కాణమని పత్రికలు వ్రాసినవి. ప్రదర్శనానంతరము ఆ భవనమును తీసివేసిరి. ఆమె మరల ఆ వృత్తిలో నిలువలేదు.

జబ్బుపడిన పురుషుడు జబ్బుపడినవాడే యగును. జబ్బుపడిన స్త్రీ తన జాతికంతకును సాక్ష్యమగును. ఈ న్యాయము ఎచ్చటిదో చదువరులే యోచింతురుగాక.

తరువాతి తరమున నటాలీ డి బ్లోయా అను నామె కలదు. ఖాన్ పనిచేసిన స్కిడ్మోర్, ఓవింగ్స్, మెరిల్ అను సంస్థలోనే ఆమెయు దీర్ఘకాలము పనిచేసెను. నలుగురు కుమారుల తల్లి. న్యూయార్కులోను, చికాగోలోను గొప్ప గొప్ప సౌధములకు ఆమె పటములు వ్రాసెను. చికాగోలో 1965 నాటి ఈక్విటబుల్ భవనము వానిలో నొకటి. కాని కీర్తి చాలభాగము ఆమెపై నున్న పురుషులకే పోయెను. ఆ సంస్థ స్థాపకులలో నొకడైన ఓవింగ్స్ తన జీవితచరిత్రలో ఈ సంగతిని ఒప్పుకొనియున్నాడు. ఉక్కుచట్రము గోడలోపల దాగి బరువును మోయును. చూచువారు పైతొడుగును మెచ్చుకొందురు. ఆమెకు జరిగినదియు అంతే.

ఇక మన కాలమునకు వత్తము. జీన్ గాంగ్ అను వాస్తుశిల్పిని 1964 లో ఇలినాయి రాష్ట్రముననే జన్మించెను. 1997 లో స్వంత కార్యాలయము తెరచెను. ఆమె కల్పించిన ఆక్వా అను 82 అంతస్తుల సౌధము చికాగోలో 2009 లో లేచినది. దాని వసారాలు ఒక అంతస్తునకును ఇంకొకదానికిని సమముగా నుండక, సరస్సునందలి అలలవలె హెచ్చుతగ్గులుగా ముందుకు చొచ్చుకొని వచ్చును. కొన్నిచోట్ల 12 అడుగులవరకు వచ్చును. ఇది అందమునకే కాదు. గాలి ఒక్కపెట్టున తాకక చెదరిపోవును. గదులకు నీడ కలుగును. ప్రక్కవాటా వారు వసారాలోనికి వచ్చిన ఒకరినొకరు చూచి పలుకరించుకొనవచ్చును. నూరిండ్లవారు ఒక్క కప్పుక్రింద నుండియు ముఖపరిచయము లేకుండుట మేడల జీవనమునందలి పెద్దలోపము గదా! ఆ లోపమును ఆలోచించి కట్టిన మేడ యిది.

2020 లో ఆమె సెయింట్ రీజిస్ సౌధమును పూర్తిగావించెను. 101 అంతస్తులు, 1,198 అడుగులు. చికాగోలో మూడవది, స్త్రీ కల్పించిన కట్టడములలో లోకమునందెల్ల అదియే మిక్కిలి ఎత్తైనదని పేరుపొందెను. మూడు స్తంభాకారములు ఒకదానిప్రక్క నొకటి చేరి, ఒకదానికన్న ఒకటి ఎత్తుగా నిలిచియుండును. గాలి వేగమునకు మేడ ఊగకుండుటకై 83 వ అంతస్తును గదులు లేక ఖాళీగా విడిచిరి; గాలి దానిలోనుండి అవతలికి దూసికొనిపోవును. గాలితో పోరాడి గెలుచుటకన్న దానికి దారియిచ్చి గెలుచుట నేర్పు. అయినను ఆ మేడ ఆమె యొక్కతె పని కాదు. ఇంజనీరులు, ఇతర శిల్పులు, వేలకొలది పనివాండ్రు అందు కలరు. ఖాన్ పనియు అట్టిదే.

రెక్కలుగలవారి దుఃఖము

ఈ మేడలను పొగడి ఊరకున్న సత్యమునకు లోపమగును. చికాగో పక్షులు వలసపోవు దారిలో నున్నది. వసంతమునను, శరత్తునను లక్షలకొలది చిన్నపక్షులు రాత్రివేళ ఆ నగరముమీదుగా ఎగిరిపోవును. దీపముల కాంతి వానిని దారి తప్పించును. అద్దము అడ్డుగా నున్నదని వానికి తెలియదు. 2023 అక్టోబరు 5 వ తేదీన మెకార్మిక్ ప్లేసు అను ప్రదర్శనశాలయొక్క అద్దములకు తాకి, ఒక్కనాడే సుమారు వేయి పక్షులు మరణించెను. అది ఆకాశహర్మ్యము కాదు, పొట్టికట్టడమే. దోషము ఎత్తుది మాత్రమే కాదు, అద్దముది, దీపముది అని దానివలన తేలినది. మరునాటి యేడు ఆ అద్దములపై చిన్నచిన్న చుక్కల పొర నంటించిరి. మరణములు నూటికి తొంబదికి పైగా తగ్గిపోయెను. ఎత్తైన మేడలవారును వలసల మాసములలో రాత్రులు దీపములు తగ్గించు నియమము పెట్టుకొనిరి. చేతిపని యంత సులభమైన ఉపాయమునకు ఇంతకాలము పట్టుట విచారకరమే. జీన్ గాంగు తాను పక్షులను ప్రేమించునది యగుటచే, ఆక్వా మేడయొక్క వసారాలు పక్షులకు అడ్డు కనబడునట్లు కూడ ఉపకరించునని చెప్పుచుండును.

సోదరీమణులారా! నేడు మన హైదరాబాదునందును నలుబది అంతస్తులు మించిన నివాసగృహములు లేచినవి. మన ఆడపడుచులు, కోడండ్రు అమెరికాలో ఇట్టి మేడలలోనే కాపురము చేయుచున్నారు. కావున ఇవి మనకు వినోదవార్తలు కావు. అట్టి యింట అడుగిడువారు గోడల నునుపును, ముఖద్వారపు మెరుపును చూచి మురియక, నిప్పు పుట్టిన దిగిపోవుటకు మెట్లదారి ఎచ్చట నున్నదో, అది సామానులతో మూసిపోకున్నదో ముందు విచారింపవలెను. నిప్పు పుట్టినప్పుడు లిఫ్టు నెక్కరాదని పిల్లలకు నేర్పవలెను.

మరియొక మాట. వంటింటిలో పొగ ఎటు పోవలెనో, పిల్లవాడు ఎచ్చట జారిపడునో, ముసలమ్మ ఏ మెట్టుకడ ఆయాసపడునో ఎరిగినది ఇల్లాలు. ఆ యెరుక గల చేయి పటము వ్రాయుట నేర్చిన ఇండ్లు మేలగునుగాని కీడుగావు. మీ యింట చిన్నది గచ్చుమీద సుద్దతో ఇండ్లు గీచుచున్నయెడల గచ్చు పాడయ్యెనని కసరకుడు. లెక్కలు బాగుగా నేర్పించుడు. ఇంజనీరింగు చదువ గోరినచో ఆడపిల్లకేలయని అడ్డుపడకుడు. ఆ పిల్ల వ్రాసిన పటముక్రింద ఆ పిల్ల పేరే యుండునట్లు చూచుట కూడ మన విధియే.